వార్త చెప్పుకోవడం డప్పు కొట్టుకోవడమా?

మొన్న నెల్లూరులో ఒక సాహిత్య సభకు వెళ్లాను. మా ప్రాంతపు నవలాకారుడొకాయన ఆ మధ్య తన పాఠకులకు నాలుగు ముక్కలు రాసి పంపాడు. పాత నవల మలిముద్రణ వచ్చిందనీ, వెల ఇంతనీ, ప్రతులు తన ఇంట్లోనే ఉన్నాయనీ, చూపు మందగించినందువల్ల కొత్త నవల సగంలో ఆగిందనీ అందులోని సారాంశం. వేదిక మీది పెద్దమనిషి దాన్ని ప్రస్తావించి, "రచయితే తన డప్పు తాను కొట్టుకునే రోజులొచ్చాయి" అన్నాడు. సభ ఘొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వే నన్ను నిద్రపోనివ్వలేదు. ఈ టపాకు కారణం అదే.

తెలుగు పండితుడిగా బడిపిల్లలకు నేను నూరిపోసిందీ అదే కదా! ఆత్మస్తుతి ఆత్మహత్యతో సమానమని కర్ణపర్వంలో కృష్ణుడు అర్జునుడికి చెప్పిన ఘట్టాన్ని ఎన్నిసార్లు ఉదాహరించానో లెక్కలేదు. కానీ అక్కడ అర్జునుడు చాటుకున్నది తన పరాక్రమం. నా అంతటివాడు లేడనడం స్తుతి. నా పుస్తకం అచ్చయింది, ఫలానా చోట దొరుకుతుంది అనడం వార్త. ఈ రెంటికీ భేదం ఎరుగని వినయం వినయం కాదు, అవివేకం.

మన పూర్వకవులకు ఈ భేదం బాగా తెలుసు. కావ్యానికి అవతారిక ఎందుకు? శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో తన రచనాజీవితాన్నంతా ఒక్క సీసపద్యంలో వరుసగా చెప్పుకున్నాడు. పసితనంలో మరుత్తరాట్చరిత్ర, మీసాలు మొలిచే ప్రాయంలో శాలివాహన సప్తశతి, నిండు యౌవనంలో నైషధం, ప్రౌఢవయసులో భీమఖండం, ఆ పిదప ఈ కాశీఖండం. వీటిలో మొదటి రెండు కావ్యాలూ ఇవాళ మనకు దక్కలేదు. వాటిని ఏ వయసులో రాశాడో మనకు తెలియడానికి ఆ పద్యమే ఆధారం. డప్పు అనుకుని ఆ మహాకవి నోరు కట్టుకుని ఉంటే నష్టపోయేది ఆయనా, మనమా?

ఇక ఈ కాలానికి వద్దాం. రావూరి భరద్వాజగారు 1946లో మా నెల్లూరు 'జమీన్ రైతు'లో పనిచేశారు. ఏడవ తరగతితో చదువాగిపోయిన మనిషి. సినిమాలోకపు చీకటిని చూపిన ఆయన 'పాకుడురాళ్లు' 1978లో పుస్తకంగా వచ్చింది. 2012 సంవత్సరపు జ్ఞానపీఠం ఆయనకు ప్రకటించింది 2013 ఏప్రిల్‌లో. అప్పుడు కదా మనలో చాలామంది ఆ నవల కోసం అంగళ్ల వెంట పరుగెత్తింది! అదే ఏడాది అక్టోబర్ 18న ఆయన కన్నుమూశారు. నడుమ గడువు ఆరు నెలలు. పుస్తకం వచ్చిన ముప్పై అయిదేళ్లకు బిరుదు వార్త, ఆ వెంటనే మరణవార్త. తెలుగు నవలాకారుడి గురించి తెలుగు పాఠకుడికి చేరే కబుర్లు ఈ రెండేనా? నన్ను నేనే అడుగుతున్నాను. ఆయన మా ఊళ్లో పనిచేశారన్న సంగతి నేను తెలుసుకున్నదీ జ్ఞానపీఠం తరువాతే.

ఒకప్పుడు రచయితకు ఈ అవసరం ఇంతగా లేదు. ఫలానావారి ధారావాహిక వచ్చే వారం నుంచి ప్రారంభమని వారపత్రికే పేజీ నిండా చాటేది. కొట్టు దగ్గర పత్రిక కోసం కాచుకున్న తరం మనది. ఆ వారపత్రికల్లో చాలా భాగం మూతపడ్డాయి. రచయిత సొంత డబ్బుతో అయిదు వందలో వెయ్యో ప్రతులు వేయించి, మంచం కింద పేర్చుకుంటున్నాడు. డప్పు కొట్టే పత్రిక పోయింది, కొడితే తప్పంటాం. మరి ఆ కట్టలు ఎవరి కోసం? చెదల కోసమా?

ఒప్పుకోవలసింది ఒకటుంది. కప్పించుకున్న శాలువాలనూ, మెడలోని దండలనూ రోజూ చూపించేవారు ఉన్నారు. అది వార్త కాదు, వేడుక. పాఠకుడికి కావలసింది ఏది అచ్చులో ఉంది, ఏది లేదు, ఏది ఎందుకు ఆగింది అన్నది. చూపు మందగించిందని చెప్పడంలో ఏ గొప్ప ఉంది? ఆ ఒక్క వాక్యానికైనా ఆ సభ నవ్వకుండా ఉండవలసింది.

మైపాడు ఒడ్డున పడవ చేరగానే బెస్త ఇల్లాలు గంప నెత్తికెత్తుకుని, ఏ చేపో ఎంత ధరో కేక వేసుకుంటూ వీధిలోకి వస్తుంది. ఇంత కేకలెందుకమ్మా అని ఒకసారి అడిగాను. "అరవకపోతే పడవొచ్చినట్టు మీకెట్టా తెలస్తాది, అయ్యోరా?" అంది. ముప్పై ఏళ్ల నా పాఠం కన్నా ఆ ఒక్క మాట మేలు.

మరునాడే ఆ నవలాకారుడి ఇంటికి వెళ్లి రెండు ప్రతులు కొన్నాను. సభలో నేనూ నవ్వానని చెప్పి క్షమాపణ కోరాను. ఆయన ఏమీ అనకుండా, సగంలో ఆగిన నవల తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఇక మీద ఆయన చెబుతుంటే రాసిపెట్టే పని నాది. మిత్రులారా, మీ ఊళ్లో కూడా ఇటువంటి రచయిత ఒకరుంటారు. బిరుదు వచ్చేదాకా ఆగకండి. పాడె లేచేదాకా అసలే ఆగకండి.