ఎత్తుకునే వేళ

మన ఇళ్లలో చాలాకాలం తండ్రి బిడ్డకు ఆలస్యంగానే పరిచయమయ్యాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పురిటికి వెళ్లిన అమ్మాయి, బిడ్డకు మూడో నెలో అయిదో నెలో వచ్చాకే అత్తవారింటికి తిరిగొచ్చేది. మధ్యలో బారసాలకు వచ్చిన అల్లుడు రెండు పూటలుండి వెళ్లిపోయేవాడు. బిడ్డ తల్లిని చూసి నవ్వే నాటికి తండ్రి ఇంకా చుట్టమే. తీరా ఇంటికొచ్చాక, పెద్దవాళ్ల ఎదుట సొంత బిడ్డను ఎత్తుకు ముద్దాడితే మర్యాద తప్పినట్టు. ఆ ముచ్చట తాతగారిది. అలా అణచుకున్న ప్రేమంతా ఒక తరం దాటి మనవల మీద కురిసేది. కొడుకును కన్నెత్తి పలకరించని మనిషే మనవణ్ని భుజాన మోస్తూ ఊరంతా తిప్పేవాడు.

కాబట్టి ఆనాటి తండ్రులకు మనసు లేదనడం అన్యాయం. దాన్ని పైకి చూపే వీలు లేదు, అంతే. వాళ్లకూ పిల్లలకూ మధ్య మాటలు మోసింది అమ్మ. ‘నాన్నగారికి నువ్వే చెప్పమ్మా’ అనకుండా పెరిగినవాళ్లు ఆ తరంలో ఎందరు? 2006లో ‘బొమ్మరిల్లు’ సినిమా అంతగా ఆడిందంటే, అన్నీ తానే ఎంచిపెట్టే తండ్రి, ఎదురు చెప్పలేని కొడుకు ఇంటింటా ఉండబట్టే. అదే తెర మీద 2023లో వచ్చిన ‘హాయ్ నాన్న’లో మాత్రం కూతుర్ని ఒంటరిగా పెంచుకునే తండ్రే కథానాయకుడు.

ఇవాళ్టి తండ్రి పాలసీసా మరిగిస్తున్నాడు, డైపర్ మారుస్తున్నాడు, బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళుతున్నాడు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఇంట్లో పెద్దలు లేని అపార్ట్‌మెంట్ కాపురాలు అతణ్ని ఇటు నడిపించిన మాట నిజమే. అయినా వచ్చిన మార్పు మంచిదే, మనస్ఫూర్తిగా మెచ్చుకోవలసిందే. జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవారికి మాత్రం పితృత్వం నేటికీ ఫోను తెర మీదే. బిడ్డ తొలి అడుగులు వాళ్లు వీడియో కాల్‌లోనే చూస్తున్నారు.

ఇల్లు మారింది. తండ్రి విషయంలో చట్టం కదల్లేదు. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. తండ్రికి కేంద్ర ప్రభుత్వోద్యోగంలో దక్కేది 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి చట్టం ఇచ్చింది శూన్యం, అక్కడంతా యజమాని దయ. అడ్డా మీద కూలికి వెళ్లే తండ్రి ఆగితే ఆ రోజు పొయ్యి వెలగదు. 50 మంది పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్న అదే సవరణ, అక్కడికి రోజుకు నాలుగుసార్లు వెళ్లివచ్చే వీలు తల్లికే ఇచ్చింది. బిడ్డ ఏడిస్తే వెళ్లగలిగిన తండ్రి పక్క గదిలోనే పనిచేస్తున్నా సరే. ఆ వాక్యంలో తల్లి పక్కన తండ్రినీ చేర్చాలి. జీతం కోత లేని పితృత్వ సెలవును ప్రైవేటు ఉద్యోగికీ, రోజుకూలీకీ హక్కుగా ఇవ్వాలి.