సైబరాబాదులో ఎర్రని ఆకులు: మేపులా, బాదమా?

మాదాపూరులో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైన పిమ్మట హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతములలో ఇండ్లు, కార్యాలయములు వేగముగా పెరిగినవి. విదేశములలో పనిచేసి వచ్చినవారు కొందరు అచ్చటి ఆకురాలు కాలపు శోభను మరువలేక, ఇచ్చట జపాను మేపుల్ మొక్కను పెంచగోరుచున్నారు. ఈ కోరికలో తప్పు లేదు. కాని దానికై ఖర్చుచేయు డబ్బు, నీరు వృథా యని నా అభిప్రాయము.

మేపుల్ ఆకు ఎర్రబారుటకు జాతి గుణమొక్కటే చాలదు. వాతావరణము కూడ కలసిరావలెను. పగళ్లు కురచయై, రాత్రులు చల్లబడినప్పుడు ఆకులోని పచ్చదనము తగ్గి ఎర్రని వర్ణము ఏర్పడును. తరువాత ఆ చెట్టు చలికాలమంతయు నిద్రించవలెను. మన చలి ఇందుకు చాలదు. మే నెలలో 40 డిగ్రీలు దాటు ఎండకు, వడగాలికి దాని పలుచని ఆకులు అంచుల నుండి మాడిపోవును. ఉప్పు గల బోరు నీరు ఈ బాధను హెచ్చించును. ఏ.సి. గదిలో పెట్టినను వెలుతురు చాలదు, చలినిద్ర దొరకదు.

చౌక విత్తనపు పొట్లములను నమ్మరాదు. నీలి ఆకుల జపాను మేపుల్ అనునది లేనేలేదు. మేలి రకములను అంటుకట్టియే పెంచుదురు. గింజ మొక్కలు తల్లిని పోలవు. విదేశముల నుండి మొక్కలు తెచ్చుటకు 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారము దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రము ఉండవలెను. పెట్టెలో దాచి తెచ్చిన మొక్క వెంట కొత్త తెగులు రావచ్చును. అప్పుడు నష్టపోవునది రైతు.

మన నేలలో చాల చెట్లు ఆకు రాల్చుట చలి వలన గాక, నేలలో తేమ తగ్గుట వలన. అందుచే మన వర్ణశోభ శిశిర వసంతములలో వచ్చును. బాదము ఆకులు రాలుటకు ముందు ఎర్రబారును. రావి, ఇప్ప చిగుళ్లు రాగి రంగున మెరయును. మోదుగ ఆకు రాల్చి నిప్పుకణికల వంటి పూలు పూయును.

స్థలము గలవారు, కంపెనీల ఆవరణలవారు తొలకరిలో గోడలకు, మురుగు కాలువలకు దూరముగా మూడడుగుల గుంత త్రవ్వి, పశువుల ఎరువు కలిపి బాదము నాటవలెను. బాల్కనీ మాత్రమే గలవారు కుండీలో పాయిన్‌సెట్టియా పెంచవచ్చును. అక్టోబరు నుండి ప్రొద్దుగ్రుంకినది మొదలు తెల్లవారు వరకు దానిపై దీపకాంతి పడనీయరాదు. అట్లు కాపాడినచో డిసెంబరు, జనవరి నెలలలో పై ఆకులు ఎర్రబారును. రాత్రియంతయు దీపములు వెలుగు హైటెక్ సిటీలో ఈ జాగ్రత్త ముఖ్యము.

మేపుల్ శోభ కావలసినవారు నవంబరులో క్యోటో పోయి చూచి రావచ్చును. ఇంటి ముందు మాత్రము మన ఎండకు నిలిచి, నలుగురికి నీడనిచ్చు చెట్టునే నాటవలెను.