ఆఖరి సంపుటం వచ్చేలోగా



గత నెల ఒక సోదరి నుండి ఉత్తరం వచ్చింది. ఆమె కుమార్తెలిద్దరూ ఏదో ఆంగ్ల అద్భుత నవలల వరుసలో తరువాతి భాగం కోసం ఎదురుచూస్తున్నారట. భోజనాల దగ్గర, బడికి వెళ్లే ఆటోలో, చివరికి పడకల మీద కూడా అదే చర్చ. ఎవరు బతుకుతారు, ఎవరు ద్రోహి, ఫలానా పిల్లవాని తండ్రి ఎవరు! "ఇంకా అచ్చు కాని పుస్తకం గురించి ఇంత వాదన ఎందుకు? ఇది కాలాన్ని వృథా చేసుకోవడం కాదా?" అని ఆమె ప్రశ్న. జవాబు రెండు వాక్యాల్లో ముగించవచ్చును. కాని ఆ ఉత్తరం చదువుతుంటే కర్నూలులోని మా పాత ఇల్లు కళ్లముందు మెదిలింది. 2005 నుండి 2007 దాకా ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పడమే మేలనిపించింది.

హారీ పోటర్ పేరు వినని ఇల్లు నేడు అరుదు. బ్రిటిష్ రచయిత్రి జె.కె. రౌలింగ్ రచించిన ఈ ఏడు సంపుటాల్లో మొదటిది 1997లోను, చివరిది 2007లోను వెలువడ్డాయి. తల్లిదండ్రులను పొట్టన పెట్టుకున్న దుష్ట మాంత్రికునితో ఒక అనాథ బాలుడు సాగించిన పోరాటమే కథ. ఇప్పటి పిల్లలు ఏడింటినీ పక్కన పెట్టుకుని ఒక్క వేసవిలో ముగించేస్తారు. అప్పటివారికి ఆ వెసులుబాటు లేదు. నాలుగవ సంపుటం 2000 జూలైలో వస్తే అయిదవది 2003 జూన్‌కు గాని రాలేదు. ఆరవది 2005 జూలై 16న, ఏడవది 2007 జూలై 21న. ఈ నడుమ కాలమంతా పాఠకులు ఏం చేశారు? చదివిందే మళ్లీ చదివారు.

మంత్రదండాలు, జాదూ ఉన్న పుస్తకాలంటే మన ఇళ్లలో ఉండే సంకోచం నాకూ ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోయిందని చెప్పను. పదిహేనేళ్ల మా అమ్మాయి చేతిలో ఆరవ సంపుటం చూసినప్పుడు తీసి బీరువాలో పెట్టాను కూడా. ఆమె ఏడవలేదు, అలగలేదు. "అమ్మీ, మీరు ఒకసారి చదవండి. చదివాక వద్దంటే వద్దు" అంది. ఎదురు చెప్పడానికి నాకు మాట దొరకలేదు. రాత్రిళ్లు వంటపని ముగిశాక నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. దాదాపు నెల పట్టింది. చదివాక తెలిసిన సంగతేమిటంటే, మా పిల్లలు వాదించుకుంటున్నది మంత్రాల గురించి కానే కాదు. ఒక మనిషిని నమ్మవచ్చునా, లేదా అన్నదాని గురించి.

ఆ మనిషి పేరు స్నేప్. హారీ చదివే పాఠశాలలో అధ్యాపకుడు. జిడ్డు జుట్టు, కొక్కెం వంటి ముక్కు, నోరు తెరిస్తే వెటకారం. హారీ అంటే ఆయనకు గిట్టదు. ఒకప్పుడు దుష్ట మాంత్రికుని అనుచరుడు. తరువాత మనసు మార్చుకున్నానని చెప్పి, పాఠశాల పెద్ద అయిన డంబుల్‌డోర్ పక్షాన చేరాడు. ఎందరు వద్దన్నా డంబుల్‌డోర్ ఆయనను నమ్మాడు. ఎందుకు నమ్మాడో మాత్రం చెప్పలేదు. ఆరవ సంపుటం చివర ఒక గోపురం మీద, ఆయుధం కోల్పోయి, నీరసించి గోడకు చేరగిలబడిన ఆ వృద్ధుణ్ణి స్నేప్ తన చేతితోనే చంపుతాడు. చంపడానికి ముందు వృద్ధుడు అతణ్ణి పేరుపెట్టి పిలిచి ప్రాధేయపడతాడు. (ఇంకా చదవనివారు నన్ను క్షమించాలి. పుస్తకం వచ్చి చాలా ఏళ్లయింది గనుక దాచకుండా చెబుతున్నాను.)

మా అబ్బాయికి అప్పుడు పన్నెండేళ్లు. వాడి తీర్పు ఒక్కటే: హంతకుడు హంతకుడే. స్నేప్ ముందుగానే ఒక స్త్రీకి భంగపరచరాని ప్రమాణం చేసి ఉన్నాడు. మాట తప్పితే తన ప్రాణం పోతుంది. తన ప్రాణం కోసం పెద్దాయన ప్రాణం తీశాడు. నిజం చెప్పాలంటే నేనూ వాడి పక్షమే. మా అమ్మాయి మాత్రం పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించేది. చావంటే భయం లేదని మొదటి సంపుటం నుండి చెబుతూ వచ్చిన మనిషి, చివరి క్షణంలో ప్రాణభిక్ష అడుగుతాడా? అడిగింది మరేదో అయి ఉండాలి. అంతకుముందు ఒక అధ్యాయంలో స్నేప్, డంబుల్‌డోర్ ఇద్దరూ వాదులాడుకోవడం మరొకరి చెవిన పడుతుంది. ఇక ఆ పని తనవల్ల కాదన్నట్టు స్నేప్ మాట్లాడతాడు. ఏ పని? "ఆయన ఏం చేశాడో చూశాం అమ్మీ. ఎందుకు చేశాడో ఎవరూ చూడలేదు కదా" అనేది.

ఈ వాదన మా ఇంటిది మాత్రమే కాదు. అమెరికాలో ఒక పుస్తకాల దుకాణాల సంస్థ, స్నేప్‌ను నమ్మేవారికి ఒకటి, నమ్మనివారికి ఒకటి చొప్పున అంటించుకునే చీటీలు పంచింది. డంబుల్‌డోర్ అసలు చనిపోలేదని, అదంతా నాటకమని వాదించినవారు లెక్కలేనంతమంది. 2006 ఆగస్టులో న్యూయార్కులో జరిగిన పఠన సభలో రౌలింగ్, ఆయన నిజంగానే చనిపోయాడని స్వయంగా చెప్పవలసి వచ్చింది. అది విని ఒక పూటంతా మా అమ్మాయి ముభావంగా తిరిగింది. హారీ స్నేహితుడైన రాన్ అనే కుర్రవాడే కాలంలో వెనక్కి వెళ్లి డంబుల్‌డోర్ అయ్యాడని చెప్పిన మహానుభావులూ ఉన్నారు.

ఊహల్లో అధికభాగం తప్పులేనని ఒప్పుకోవాలి. అయిదవ సంపుటంలో మార్క్ ఎవాన్స్ అనే పదేళ్ల పిల్లవాని పేరు ఒక్కచోట వస్తుంది. హారీ తల్లి పుట్టింటి పేరు ఎవాన్స్. ఇంకేముంది! వాడు హారీకి దగ్గరి చుట్టమని, కథ మలుపు తిరిగేది వాడితోనేనని పాఠకులు ఏడాది పాటు గోపురాలు కట్టారు. చివరికి 2004లో రచయిత్రి తన వెబ్‌సైటులో, ఆ పిల్లవాడు ఎవరూ కాడని, ఆ ఇంటిపేరు సర్వసాధారణమైనదని వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. మన వైపు షేక్ అనో, రెడ్డి అనో పేరు చూసి అందరికీ చుట్టరికం కలిపినట్లే.

అయితే సరిగ్గా తగిలిన బాణాలు కూడా ఉన్నాయి. నాకు అన్నిటికంటె నచ్చినది ఒక లాకెట్టు కథ. దుష్ట మాంత్రికుడు తన ఆత్మను ముక్కలు చేసి కొన్ని వస్తువుల్లో దాస్తాడు. వాటిలో ఒకటైన లాకెట్టు కోసం ఆరవ సంపుటంలో ప్రాణాలకు తెగించి వెళ్తే, చేతికి దొరికేది నకిలీ. అసలుదాన్ని తీసుకుపోయానన్న చీటీ అందులో ఉంటుంది, కింద ఆర్.ఏ.బి. అని మూడక్షరాలు. ఎవరీ ఆర్.ఏ.బి.? పాఠకులు పాత సంపుటాలు తిరగేశారు. సిరియస్ బ్లాక్ అనే పాత్రకు రెగ్యులస్ అనే తమ్ముడున్నాడు; దుష్టుని పక్షాన చేరి, భయపడి వెనుదిరగబోయి హతమయ్యాడని అయిదవ సంపుటంలో రెండు మాటలు ఉన్నాయి. అదే అధ్యాయంలో, ఆ బ్లాక్ కుటుంబపు పాత ఇల్లు శుభ్రం చేస్తుంటే, ఎవరికీ తెరవ శక్యంకాని బరువైన లాకెట్టు ఒకటి దొరుకుతుంది. పాత చెత్త జాబితాలో ఒక వస్తువుగా, ఒకే ఒక్క వాక్యంలో! రెండేళ్లపాటు దానిమీదుగా అందరం నడిచి వెళ్లిపోయాం.

ఆ ఊహను గట్టిపరచింది అనువాదాలు. డచ్చి భాషలో బ్లాక్ అనే ఇంటిపేరును 'నలుపు' అర్థం వచ్చేలా జ్వార్ట్స్ అని మార్చారు; అక్కడ చీటీమీద చివరి అక్షరం బి కాదు, జెడ్. నార్వే భాషలో ఎస్, ఫిన్నిష్‌లో ఎం. ఆ భాషల్లో ఆ ఇంటిపేరు మొదటి అక్షరాలూ అవే. రచయిత్రి పెదవి విప్పకముందే అనువాదకుల అక్షరాలు గుట్టు బయటపెట్టాయి. హైదరాబాదులోని మా అక్కగారి అబ్బాయి ఈ సంగతి ఫోనులో చెబితే, ఉర్దూ, తెలుగు రెండూ మాట్లాడే మా ఇంట్లో పండగే అయింది. "ఉర్దూలో అయితే సియాహ్! ఎస్ అయ్యేది!" అని మా అబ్బాయి గంతులు. "తెలుగులో అయితే?" అని అడిగాను. ఇద్దరూ నల్లన, కారుమబ్బు, కాటుక అంటూ రాత్రి పదకొండు దాకా ఇంటిపేర్లు పుట్టించారు. సోదరీ, మీ ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు బహుశా ఆ రాత్రే. పాఠ్యపుస్తకాన్ని ఒకసారి కంటె ఎక్కువ చదవని పిల్లలు, ఆరు వందల పుటల నవలను మూడుసార్లు చదివి, ఏ మాట ఎవరి నోట వచ్చిందో, చూసినవారు చెప్పారా, విన్నవారు చెప్పారా అని తరచి తరచి అడుగుతున్నారు.

విడుదలకు ముందు వారం అసలు పరీక్ష వచ్చింది. ప్రచురణకర్తలు ఎంత కట్టుదిట్టం చేసినా, ఎవరో ఆఖరి సంపుటం పుటలన్నీ ఫొటోలు తీసి అంతర్జాలంలో పెట్టారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక గడువుకు ముందే సమీక్ష ప్రచురించింది, రచయిత్రి నొచ్చుకున్నారు. దయచేసి ముగింపు చెప్పవద్దని పాఠకులు ఒకరినొకరు బతిమాలుకున్నారు. మా అమ్మాయి వారం రోజులు నెట్ సెంటరు వీధికే వెళ్లలేదు.

ఆ బుధవారం నుండి మా అబ్బాయి మాట్లాడటం తగ్గించాడు. వాళ్ల అక్క స్నేప్ మాట ఎత్తితే లేచి వెళ్లిపోయేవాడు. జ్వరమేమోనని నుదురు తాకి చూశాను.

శనివారం లండన్‌లో అర్ధరాత్రి దాటిన నిమిషానికి పుస్తకం అమ్మకానికి పెట్టారు. మనకు అది తెల్లవారుజామున 4 గంటల 31 నిమిషాలు, ఇంచుమించు ఫజర్ వేళ. తొలి ఇరవై నాలుగు గంటల్లోనే అమెరికాలో 83 లక్షలు, బ్రిటన్‌లో 26 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. మా వంతు ప్రతి ఒకటి ఆదివారం బస్సులో హైదరాబాదు నుండి వచ్చింది. ముందు ఎవరు చదవాలన్న పోట్లాట జరుగుతుందని భయపడ్డాను. జరగలేదు. "ఆపాను చదవనివ్వండి" అన్నాడు వాడు. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

సోమవారం రాత్రి ఆమె ముప్పై మూడవ అధ్యాయం ముగించింది. డంబుల్‌డోర్ అప్పటికే శాపప్రభావంతో చావుకు దగ్గరైనవాడు. తన ప్రాణం తీయమని స్నేప్‌ను అడిగింది ఆయనే. స్నేప్ చిన్నప్పటి నుండి ప్రేమించింది హారీ తల్లిని. అయిదవ సంపుటంలో హారీ పెద్దమ్మ, ఎవరో కుర్రవాడు తన చెల్లెలికి ఏదో చెబుతుంటే విన్నానంటుంది. ఆ కుర్రవాడు హారీ తండ్రేనని అందరం అనుకున్నాం. పేరు చెప్పలేదన్నది ఎవరికీ తట్టలేదు. ఆ కుర్రవాడే స్నేప్.

వంటింట్లోకి వచ్చి నిలబడింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గెలిచినదానిలా లేదు, ఆ మనిషి కూడా అప్పటికి కథలో చనిపోయాడు. బల్ల దగ్గర లెక్కలు చేసుకుంటున్న తమ్ముడు తల ఎత్తలేదు. ఆమె చాలాసేపు వాడినే చూసింది.

"నీకు ముందే తెలుసు కదూ?"

"బుధవారం నుండి. నెట్ సెంటరులో ఎవరో తెరిచి చూపించారు. కళ్లు మూసుకునేలోపే చదివేశాను" అన్నాడు. "నువ్వు చెప్పిందే నిజమని అప్పుడే తెలిసింది ఆపా. చెబితే నీకు చదవడానికి ఏం మిగులుతుంది?"

ఆమె పుస్తకం తెచ్చి వాడి లెక్కల పుస్తకం మీద పెట్టింది. "మొదటి పుట నుండి చదువు. మధ్యలోకి దూకావంటే ఊరుకోను" అంది.