హయా అంటే అజ్ఞానం కాదు

గోదావరిఖని గనికార్మికుల కాలనీలలో మన పిల్లలకు సుఖవ్యాధుల గురించి ఎవరు చెబుతున్నారు? పెద్దలమైన మనం మౌనం వహిస్తే సెల్‌ఫోనే గురువవుతుంది. 2005లో కేంద్రం ప్రారంభించిన కౌమార విద్యా కార్యక్రమాన్ని 2007లో పలు రాష్ట్రాలు సంస్కృతి పేరిట నిలిపివేశాయి.

తహారత్, గుసుల్ నియమాలు నేర్పడానికి సంకోచించని మనం ఇక్కడ ఎందుకు తడబడుతున్నాము? ఈ వ్యాధులు ప్రధానంగా లైంగిక సంబంధం ద్వారా సోకుతాయి. హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-బి వంటివి కలుషిత సూదుల ద్వారా, తల్లి నుండి బిడ్డకు కూడా సోకుతాయి; కలిసి భోజనం చేస్తే సోకవు. సిఫిలిస్ పెన్సిలిన్‌తో నయమవుతుంది. దాచిపెడితే ఏళ్ల తరువాత గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. అత్యాచారానికి గురైన బిడ్డ కూడా రోగి కావచ్చు. మన మౌనం నేరస్థునికే రక్షణ.

తల్లిదండ్రులు మాట్లాడాలి. మస్జిద్ కమిటీలు, పాఠశాలలు వైద్యులను పిలిపించాలి. ప్రభుత్వ సురక్ష క్లినిక్కులు, 1097 ఉచిత ఫోన్ సేవ ఉన్నాయని ప్రతి ఇంటికీ తెలియాలి.