పవర్ స్టీరింగు పెడితే పరువు పోతుందా?

"పాత జీపు పికప్పుకి పవర్ స్టీరింగా? ఒరిజినాలిటీ పాడుచెయ్యకండి సార్!" గాజువాక ఆటోనగర్లో ఓ పెద్దమనిషి నాకిచ్చిన సలహా ఇది. ఆయన బండి ఆదివారం బీచ్ రోడ్డులో ఫొటోలకి తప్ప బయటికి రాదు లెండి.

ఒరిజినాలిటీ అంటే భుజాలు పడిపోవడమా? ఫ్రాన్సిస్ డేవిస్ 1926లోనే పవర్ స్టీరింగు చేసి చూపించాడు. 1951లో క్రైస్లర్ కార్లలో పెట్టి అమ్మింది. మనవాళ్ళకి మాత్రం ఇంకా మగతనానికి పరీక్షే! పోర్టు దగ్గర లోడు బండి తిప్పే డ్రైవర్ని అడగండి, చెప్తాడు.

అలాగని ఏదో పాత పంపు తెచ్చి బిగించెయ్యమని కాదు. ముందు కింగ్ పిన్నుల్లో, టై రాడ్ ఎండ్లలో ఆట తియ్యాలి. అది తియ్యకుండా పంపు పెడితే చేతికి హాయిగానే ఉంటుంది, చక్రం మాత్రం తన దారిన తను పోతుంది. మా భాషలో చెప్పాలంటే, బగ్గు వదిలేసి సర్వరు పెంచడం! స్టీరింగు బాక్సు దగ్గర చాసిస్ పగుళ్ళు కూడా చూడాలి, ఆ బలమంతా పడేది అక్కడే. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుందని నడిపేవాడికి ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను మార్పులకి హద్దులు పెట్టింది, కాబట్టి ఆర్టీవో ఆఫీసులో కనుక్కున్నాకే పానా పట్టాలి.

పరువు స్టీరింగు బరువులో లేదండీ, బండి తిన్నగా ఇంటికి చేరడంలో ఉంది.