ముక్కు పురుగును ఎండలో పోసే ముందు



ఇండోనేషియాలోని సులవేసి దీవి అడవుల్లో, రాలిన ఆకుల కింద, ట్రైగోనోప్టెరస్ అనే చిన్న పురుగులుంటాయి. పొడవు రెండు మూడు మిల్లీమీటర్లు. మన బియ్యం డబ్బాలో కనిపించే ముక్కు పురుగుకు దూరపు చుట్టాలు. 1885లో ఆ దీవిలో వీటిలో ఒకే ఒక్క జాతికి పేరు పెట్టారు. తర్వాత 130 ఏళ్లకు పైగా దానికి తోడు మరొకటి చేరలేదు. 2019లో అలెగ్జాండర్ రీడెల్, రాడెన్ ప్రమేసా నరకుసుమో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకేసారి 103 కొత్త జాతులను ప్రకటించారు! పచ్చగా ఉన్న ఒకదానికి స్టార్ వార్స్ సినిమాలోని యోడా పేరు పెట్టారు. మరో రెండింటికి ఆస్టెరిక్స్, ఒబెలిక్స్ అని కామిక్స్ పేర్లు. పిల్లలకు చెప్పి చూడండి, నవ్వుతారు.

పేరు పెట్టడం సరదానే. దానికి ముందున్న పని మాత్రం చాలా ఓపికతో చేయాల్సింది. ఈ పురుగులు ఎగరలేవు. అందుకే చాలా జాతులు ఏదో ఒక కొండనో, చిన్న అడవి ముక్కనో దాటి కనిపించవు. చూడటానికి దాదాపు అన్నీ ఒకేలా ఉంటాయి. డీఎన్‌ఏ పరీక్షతో వేరు చేసినా పని అయిపోదు. ముక్కు ఎంత వంగింది, రెక్కల పెంకు మీద గుంటలు ఎలా ఉన్నాయి, కాలి మీద పొలుసులున్నాయా అని ఒక్కొక్కటీ మైక్రోస్కోప్ కింద చూసి, కొలిచి, మాటల్లో రాయాలి. ఆ వర్ణనకు ఆధారంగా ఒక నమూనాను మ్యూజియంలో భద్రపరచాలి. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దానితో పోల్చి చూసుకోవచ్చు. వర్ణన రాసేలోపు ఆ అడవి ముక్క పోతే, అందులో ఏం పోయిందో చెప్పడానికి పేరు కూడా మిగలదు.

మన పిల్లలకు ఈ వర్ణించే పనే అలవాటు కావడం లేదని నా అభిప్రాయం. పురుగు గురించి రాయమంటే గైడ్‌లోని మూడు లైన్లు వస్తాయి: ఆరు కాళ్లు, రెండు స్పర్శశృంగాలు, మూడు భాగాల శరీరం. తప్పేం లేదు, మార్కులు పడతాయి. కానీ ఆ లైన్లు రాయడానికి పురుగును చూడాల్సిన పనే లేదు. ప్రాజెక్టు అనగానే స్టేషనరీ షాపులో రెడీమేడ్ చార్టు దొరుకుతోంది. డబ్బులిచ్చేది మీరు, అతికించేది పిల్లలు. దయచేసి ఆ చార్టు కొనకండి. బదులుగా చేసేదానితో ర్యాంకు పెరుగుతుందని నేను చెప్పను. పిల్లవాడు తన కళ్లతో చూసిందాన్ని తన మాటల్లో చెప్పగలుగుతాడు. నాకు అది చాలు.

తోటలోకి వెళ్లి పురుగులు పట్టమనడం లేదు, కొన్ని కుడతాయి. ఈసారి బియ్యానికి పురుగు పడితే, ఎండలో పోసే ముందు ఒకదాన్ని తెల్ల కాగితం మీద వేసి ఇవ్వండి. భూతద్దం, స్కేలు చాలు. వీపు మీద మచ్చలెన్ని, ముక్కు ఒంట్లో ఎన్నో వంతు, మీసాలు ఎక్కడ నుంచి మొలిచాయి? దీనికి 1763లోనే లిన్నేయస్ పేరు పెట్టేశాడు కాబట్టి కొత్త పేరు అక్కర్లేదు. స్పెల్లింగ్ తప్పులున్నా దిద్దకుండా, వాళ్లు రాసిన కాగితాన్ని అలాగే సైన్స్ నోట్‌బుక్‌లో పెట్టి పంపండి.