ప్రింటరు మొరాయించిన నేరము తెలుగుదా?

గోపాల్‌పూరులోను, బరంపురములోను తెలుగు కుటుంబములు కొన్ని బిడ్డల చదువుకొఱకు కంప్యూటరును, దానితోడ చిన్న ప్రింటరును సమకూర్చుకొనుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయము. కాని ప్రింటరును పెట్టెలోనుండి తీసి బల్లపై నుంచినంత మాత్రమున పని జరుగదు. తీగ తగిలించినను కంప్యూటరు దానిని గుర్తింపదు; గుర్తించినను కాగితము కదలదు; కదలినను ఇంగ్లీషు పుట చక్కగా వచ్చి, తెలుగు పుట మాత్రము ఖాళీ గడులతో నిండి వచ్చును. అప్పుడు పెద్దలు విసిగి, “తెలుగు కంప్యూటర్లో రాదులే, ఇంగ్లీషులోనే వ్రాసి యిచ్చెయ్” అని పిల్లవానికి చెప్పుదురు. యంత్రము చేసిన తప్పునకు భాషకు శిక్ష విధించుట న్యాయము కాదని మా అభిప్రాయము.

ఈ విషయము చిన్నదిగా తోచవచ్చును. కాని మన స్థితిని తలంచి చూడుడు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, గంజాము జిల్లాలో అధికభాగము మద్రాసు ప్రెసిడెన్సీనుండి విడివడి అందు చేరినది. ఇచ్చటి తెలుగు బిడ్డకు వీధిలోని బోర్డులు ఒడియాలోనో, ఇంగ్లీషులోనో కనబడును. తెలుగు అచ్చు కంటబడు చోట్లు బడిపుస్తకము, ఇంటికి వచ్చు పత్రిక, పెండ్లి శుభలేఖ వంటివి కొన్నియే. అట్టి యింట ఒక ప్రింటరు సరిగా పనిచేసినచో తాతగారు చెప్పిన కథ, అమ్మ పాడిన లాలిపాట, మాష్టారు వ్రాసిన అభ్యాసపత్రము అచ్చులోనికి ఎక్కును. కనుక ప్రింటరును సరిచేసికొన నేర్చుట మనకు భాషను నిలుపుకొను పనులలో ఒకటి.

మొరాయింపు అనునది ఒక్కటే రోగము కాదు. కంప్యూటరునుండి కాగితమువఱకు గల దారిలో అనేక ద్వారములున్నవి. వానిలో మూసియున్నదేదో తెలిసికొనక అన్నిటిని తట్టుట వృథాశ్రమ. మొదట కంప్యూటరును ప్రక్కనబెట్టి ప్రింటరునే పరీక్షింపవలెను. నకలు తీయు సౌకర్యము గల యంత్రమైనచో దాని గాజుపై ఒక కాగితముంచి నకలు తీయుడు. నకలు చక్కగా వచ్చినచో సిరాకును, కాగితమును లాగు చక్రములకును దోషము లేదు; సగము సందేహము తీరినది. రానిచో, దుకాణమునుండి వచ్చునపుడు లోపల అంటించియున్న పట్టీలు తీసినదీ లేనిదీ, సిరా పెట్టెలు సరిగా కూర్చున్నదీ లేనిదీ చూడవలెను. మన సముద్రతీరమున గాలిలో తేమ యెక్కువ. విప్పియుంచిన కాగితములు ఆ తేమను పీల్చి, ఒకదానికొకటి అంటుకొని లోపల చిక్కుకొనును. కాగితపు కట్టను సంచిలో మూసియుంచి, కావలసినన్ని మాత్రమే ట్రేలో నుంచుట మేలు.

రెండవది కంప్యూటరునకును ప్రింటరునకును గల సంబంధము. తీగతో కలుపువారు దానిని నేరుగా కంప్యూటరునకే తగిలింపవలెను. కొన్ని యంత్రములకు, తెరపై సూచన వచ్చువఱకు తీగ తగిలింపరాదను నియమము కలదు. కూడ వచ్చిన చిన్న పుస్తకమును చదువక త్వరపడుట పెక్కు చిక్కులకు మూలము. వైఫైతో కలుపువారి కంప్యూటరు, ప్రింటరు రెండును ఒకే వైఫైలో నుండవలెను. ఇంటి ప్రింటర్లలో పెక్కు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకొనును. 5 గిగాహెర్ట్జ్‌ను అందుకొనవు. గాలివానకు కరెంటు పోయి వచ్చినపుడు రూటరు ప్రింటరునకు క్రొత్త అంకెల చిరునామా నీయవచ్చును. కంప్యూటరు పాత చిరునామాలోనే వెదకి, ‘ఆఫ్‌లైన్’ అని చెప్పును. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన గోపాల్‌పూరు చెంతనే తీరము దాటినది. కరెంటు పోకడలు మనకు క్రొత్త కావు. అట్టివేళ ముందు రూటరును, పిమ్మట ప్రింటరును, చివర కంప్యూటరును స్విచ్చి వేసి చూడుడు. అప్పటికిని కానిచో ప్రింటరును కంప్యూటరు జాబితానుండి తొలగించి మరల చేర్చవలెను.

మూడవది డ్రైవరు. కంప్యూటరు మాటను ప్రింటరునకు తెలియజెప్పు దుబాసీ యిది. ఒడియా రాని తెలుగువానికి కచేరీలో దుబాసీ యెట్టివాడో ఇదియు నట్టిదే. దుబాసీ తప్పినచో ఇరువురిలో ఎవరి నేరమును లేకయే పని చెడును. యంత్రముపై వ్రాసియున్న పూర్తి మోడలు సంఖ్యను చూచి, తయారుచేసినవారి వెబ్‌సైటునుండియే డ్రైవరును తెచ్చుకొనవలెను. సగములో ఆగినదానిని పూర్తిగా తీసివేసి మరల వేయవలెను. ఇతర కంపెనీల ప్రింటరు డ్రైవర్లను విండోస్ అప్‌డేటు ద్వారా అందించు పద్ధతిని క్రమముగా విరమింతుమని మైక్రోసాఫ్ట్ సంస్థ 2023లో ప్రకటించినది. కావున పాత ప్రింటరు గలవారు దాని డ్రైవరు ఫైలును ఒక పెన్‌డ్రైవులో దాచుకొనుట వివేకము.

ఇక్కడ తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. సహాయముకొఱకు ఇంటర్నెట్టులో వెదకునపుడు మోసగాండ్ర ఫోను నంబర్లును కనబడుచుండును. కంప్యూటరును తమ చేతికిమ్మని, డబ్బు పంపుమని, ఓటీపీ చెప్పుమని అడుగువారిని నమ్మరాదు. మోసము జరిగినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను.

నాలుగవది క్యూ. ముందటి పని ఒకటి మధ్యలో చిక్కినచో వెనుకనున్న పనులన్నియు నిలిచిపోవును. ఆత్రముతో మీట పదిమార్లు నొక్కుటవలన పది పనులు చేరును గాని కాగితము రాదు. చిక్కిన పనులను రద్దుచేసి కంప్యూటరును మరల ప్రారంభింపవలెను. ఒక్కొక్కమాఱు పని అసలు యంత్రమునకు పోక, పాత ప్రింటరు పేరునకో, పీడీఎఫ్ చేయుదానికో పోవుచుండును. ఎంచుకొన్న పేరు ఏదో చూచుకొనవలెను.

ఇన్నియు సరియై, ఇంగ్లీషు వచ్చి తెలుగు మాత్రము రానిచో ఇక ప్రింటరును నిందింపరాదు. ఇంటి ప్రింటరు భాష యెఱుగదు. కంప్యూటరు పంపిన చుక్కలను కాగితముపై దించుటయే దాని పని. ‘క్ష’ యైనను ‘ఏ’ యైనను దానికి చుక్కల గుంపే. దోషము అక్షరములను దాచిన తీరులో నుండును. అను ఫాంట్ల వంటి పాత పద్ధతిలో తెలుగు అక్షరపు ముక్కలు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో కూర్చుండును. ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. యూనికోడు పద్ధతిలో ప్రతి అక్షరమునకు తనదైన సంఖ్య కలదు. 1991లో వెలువడిన దాని మొదటి కూర్పునందే తెలుగునకును ఒడియాకును స్థానము దొరకినది. యూనికోడు తెలుగు గడులుగా వచ్చినచో, ఆ కంప్యూటరులో లేదా ఆ ప్రోగ్రాములో తగిన ఫాంటు దొరకలేదని అర్థము. ఫాంటు మార్చినచో తీరును. తెరపై చక్కగా నుండి కాగితముపై చెడినచో, ముందు పీడీఎఫ్‌గా దాచి దానిని అచ్చు వేయుడు. వత్తులు విడిపోయినచో వేఱొక ప్రోగ్రాములో తెఱచి చూడుడు.

మన కంప్యూటరులో మన లిపికి చోటు లేదనుకొనువారు ఒక సంగతి తెలిసికొనవలెను. 2012లో విండోస్ 8తో వచ్చిన ‘నిర్మలా’ అను ఫాంటులో తెలుగు, ఒడియా రెండును కలవు. సవరభాషకు 1936లో మంగెయ్ గొమాంగో కల్పించిన సొరాసంపెంగ్ లిపియు నేడు అందే కలదు. పర్లాకిమిడిలో నుండి సవరభాషకై శ్రమించి, 1919లో ‘తెలుగు’ అను పత్రికను నడిపిన గిడుగు రామమూర్తి పంతులుగారి సీమ మనది. ఆయన ఎన్నో కష్టములకోర్చి అచ్చునకు ఎక్కించిన భాషలు నేడు మన బల్లపై సిద్ధముగా నున్నవి. వానిని పిలుచుట మాత్రమే మన వంతు.

“ఇంత శ్రమ యేల? బరంపురములో దుకాణమునకు పోయిన క్షణములో అచ్చు వేయించుకొనవచ్చును గదా” యని కొందఱనవచ్చును. గోపాల్‌పూరునుండి బరంపురము సుమారు 16 కిలోమీటర్లు. అచ్చటి పనివానికి తెలుగు రానిచో, వత్తు జారినను దీర్ఘము పోయినను అతడు గుర్తింపజాలడు. దుకాణమునకు పోవలదని మేము చెప్పుట లేదు. పోవునపుడు పీడీఎఫ్‌ను తీసికొనిపోయి, పుటను అక్కడనే చదివి చూచుకొనుడు. కాని ఇంట యంత్రముంచుకొని, దాని గుట్టు తెలియక, తెలుగు పనికిరాదని నిర్ణయించుట మాత్రము సమ్మతింపలేము.

బాలబాలికలారా, ఒక నోటుపుస్తకమును ప్రింటరు ప్రక్కనే ఉంచి, ఏ చిక్కు వచ్చినది, దేనివలన తీరినది తేదీతో వ్రాసికొనుడు. మీకు తెలిసినదానిని అమ్మకు, నాయనమ్మకు కూడ చూపుడు. ఒక్కరికే తెలిసిన విద్య ఆ ఒక్కరు ఊరికి పోయిన నాడు ఇంట నుండదు. తల్లిదండ్రులకు మా విన్నపము ఒక్కటే. ద్రవసిరాతో నడచు ప్రింటరును చాలకాలము వాడక విడిచినచో సిరా ఎండి సన్నని రంధ్రములు మూసికొనిపోవును. అందుచేత వారమునకొక పుటయైనను తీయుట యంత్రమునకు మంచిది. ఆ పుట తెలుగులో నుండునట్లు చూడుడు. ఏడాదికి యాబది రెండు పుటలగును. కుట్టినచో మీ యింటిలో అచ్చయిన ఒక తెలుగు పుస్తకమే యగును.